ఆలోచన వేగాన్ని కొలిచిన డోండర్స్ మహాశయుడు

పరుగుపందెం ఆరంభించే అధికారి మొదట పోటీదారులను గీత వద్దకు పిలుస్తాడు. తరువాత సిద్ధంగా ఉండమంటాడు. ఆ మాటకూ తుపాకి మోతకూ నడుమ ఒకటి రెండు క్షణాల నిశ్శబ్దం ఉంటుంది. ఆ నిశ్శబ్దంలో దేహం కదలదు. అయినా లోపల ఏదో జరుగుతూనే ఉంటుంది. లేనిచో ఆ ఎడం ఇవ్వవలసిన పనే లేదు. పిలిచిన వెంటనే తుపాకి పేల్చవచ్చును. ఆ లోపలి వ్యాపారం ఏమిటి? దానికి ఎంత కాలం పడుతుంది? చేయవలసినది ముందుగా తెలిసి ఉన్నవాడు తెలియనివానికంటె ఎంత త్వరగా కదలగలడు? ఈ ప్రశ్నలను ఊహలకు విడిచిపెట్టక యంత్రం ముందు నిలబెట్టి, సెకనులో వందవ వంతుల లెక్కతో సమాధానం రాబట్టినవారు హాలండు దేశీయుడైన ఫ్రాన్సిస్కస్ కోర్నేలిస్ డోండర్స్. లోకం ఆయనను గొప్ప నేత్రవైద్యునిగా ఎరుగును. కాని ఆయన జీవితంలో మూడు నాలుగేండ్ల పాటు సాగిన ఈ చిన్న పరిశోధనయే నా దృష్టిలో ఆయన చేసిన పనులలో అత్యంత సాహసోపేతమైనది.

తెలుగు పాఠం చెప్పుకునే వానికి శరీరధర్మ శాస్త్రంతో ఏమి పని అని విద్యార్థులు అడుగవచ్చు. ఆ శాస్త్రవేత్త తన ప్రయోగానికి వాడుకున్న సామగ్రి మన క గుణింతమే అని చెబితే ఆ సందేహం కొంత తీరుతుంది. ఆ సంగతి ముందు వస్తుంది.

డచ్చివారంటే మనకు మచిలీపట్నం, భీమునిపట్నం రేవులలో వర్తకం చేసి వెళ్ళినవారుగానే పరిచయం. ఆ దేశపు దక్షిణ భాగాన టిల్‌బుర్గ్ అనే ఊరిలో 1818వ సంవత్సరం మే 27న డోండర్స్ జన్మించారు. తొమ్మిదిమంది సంతానంలో కడపటివాడు. ముందు పుట్టిన ఎనిమిదిమందీ ఆడపిల్లలే. ఆయన పసివాడుగా ఉన్నప్పుడే తండ్రి గతించాడు. తల్లి, అక్కలు పెంచారు. ఏడేండ్ల ప్రాయంలో డౌజెల్ అనే పల్లెలోని బడికి పంపగా, కొద్ది సంవత్సరాలకే అక్కడ తనకంటె చిన్నవారికి పాఠాలు చెప్పే స్థితికి వచ్చాడు. పేదింటి తెలివైన పిల్లవానికి ఆ రోజులలో పై చదువుకు తెరచి ఉన్న ద్వారాలు తక్కువ. సైన్యానికి వైద్యులను తయారుచేసే విద్యాలయం ఒకటి ఉట్రెక్ట్ నగరంలో ఉండేది. 1835లో పదిహేడవ యేట అందులో ప్రవేశించారు. చదువు ముగిసిన పిదప కొంతకాలం సైనిక వైద్యునిగా పనిచేశారు. 1842లో ఇరువదినాలుగేండ్ల వయస్సున అదే విద్యాలయానికి అధ్యాపకునిగా తిరిగి వచ్చారు. 1847లో ఉట్రెక్ట్ విశ్వవిద్యాలయం ఆయనకు ఆచార్య పదవి ఇచ్చింది.

అధ్యాపకుని జీతం ఆనాడూ స్వల్పమే. ఇల్లు గడవడం కోసం ఆయన ఒక జర్మను నేత్రవైద్య గ్రంథాన్ని డచ్చి భాషలోకి అనువదించారు. ఆ అనువాదమే ఆయనను కంటి శాస్త్రం వైపు మళ్ళించింది. 1851లో లండనులో జరిగిన మహాప్రదర్శన చూడబోయి, బెర్లిను నుండి వచ్చిన గ్రేఫ్ అనే యువ వైద్యునితోను, లండను వాసి బౌమన్‌తోను స్నేహం కలుపుకున్నారు. ఆ ముగ్గురి మైత్రి జీవితాంతం నిలిచింది. 1858లో ప్రజల విరాళాలతో ఉట్రెక్ట్‌లో ఒక నేత్ర చికిత్సాలయం వెలిసింది. నేడు ఏ కంటి వైద్యుని గదికి వెళ్ళినా గోడమీద పై నుండి క్రిందికి చిన్నవవుతూ పోయే అక్షరాల పటం కనబడుతుంది. దానిని 1862లో రూపొందించిన స్నెల్లెన్ ఈ చికిత్సాలయంలో డోండర్స్ సహాయకుడే.

ఆ కాలంలో కొందరు యువకులు, కుట్టుపని చేసే స్త్రీలు కొద్దిసేపు పనిచేసేసరికి కండ్లు అలసి అక్షరాలు అలుక్కుపోతున్నాయని వైద్యులతో మొరపెట్టుకునేవారు. ఇది అంధత్వానికి దారి తీస్తుందేమోనని భయపడి, చదువూ కుట్టూ మానుకొమ్మని చెప్పే వైద్యులుండేవారు. అంటే బ్రతుకుతెరువు మానుకొమ్మని చెప్పడమే. ఆ అలసటకు కారణం చాలామందిలో దీర్ఘదృష్టి అనీ, తగిన కుంభాకార కటకంతో అది తొలగిపోతుందనీ డోండర్స్ నిరూపించారు. హ్రస్వదృష్టి, దీర్ఘదృష్టి, చత్వారం, అసమదృష్టి అనేవి వేర్వేరు దోషాలని విడదీసి, వేటికి ఏ అద్దం వాడాలో లెక్కకట్టి చూపిన ఆయన బృహద్గ్రంథం 1864లో లండనులో ప్రకటితమైంది. కండ్లజోళ్ళు అంతకు పూర్వం అంగడి సరకు. ఆ పుస్తకంతో అవి శాస్త్రం పరిధిలోకి వచ్చాయి.

ఇంతటి కీర్తి గడించిన వైద్యుడు ఆ వైద్యం తోనే ఉండిపోవచ్చును. కాని 1862లో ఉట్రెక్ట్ శరీరధర్మ శాస్త్రాచార్యుడు మరణించగా ఆ పీఠం డోండర్స్‌కు దక్కింది. చికిత్సాలయ భారాన్ని క్రమంగా స్నెల్లెన్‌కు అప్పగించి ఆయన ప్రయోగశాల వైపు తిరిగారు.

అప్పటికి యూరపు శాస్త్రజ్ఞులను ఒక ప్రశ్న వేధిస్తున్నది. దాని మూలం చెప్పాలంటే ఖగోళశాస్త్రానికి వెళ్ళాలి. 1796లో ఇంగ్లండులోని గ్రీనిచ్ వేధశాలలో కిన్నెబ్రూక్ అనే సహాయకుని ఉద్యోగం ఊడింది. దూరదర్శినిలో నక్షత్రం తీగను దాటే క్షణాన్ని గుర్తించడంలో అతడు తన పై అధికారి మాస్కెలిన్‌కంటె దాదాపు 0.8 సెకను ఆలస్యం చూపుతున్నాడన్నదే నేరం. పాపం, అతడు సోమరి కాడు. పందొమ్మిదవ శతాబ్ది తొలి దశకాలలో బెస్సెల్ అనే జర్మను ఖగోళజ్ఞుడు ఈ ఉదంతం చదివి, ఇతర వేధకులతో తన్ను పోల్చి చూసుకుని, ఏ ఇద్దరి గుర్తింపూ ఒక్కటి కాదని కనుగొన్నాడు. కన్ను చూచుటకూ మనస్సు గ్రహించుటకూ నడుమ కాలం గడుస్తున్నదని దీనివలన తేలింది. (గుర్తించడానికి కొంత కాలం పడుతుందన్న భావం పదకొండవ శతాబ్దిలోనే బస్రా వాసి ఇబ్న్ అల్ హైథమ్ తన దృష్టిశాస్త్ర గ్రంథంలో చెప్పి ఉన్నాడు. కాని ఆ కాలాన్ని కొలిచే సాధనం ఆయనకు లేదు.)

తరువాతి అడుగు హెల్మ్‌హోల్ట్జ్‌ది. నాడిలో సందేశం మెరుపు వలె తక్షణం పోతుందనీ, దాని వేగం కొలతకు అందదనీ పెద్దలు అనుకుంటున్న కాలంలో, 1850లో ఆయన కప్ప కాలి నాడిని తీసుకుని కండరానికి దగ్గర ఒకసారి, దూరాన ఒకసారి విద్యుత్తు తాకించాడు. దూరాన తాకించినప్పుడు కండరం కొంచెం ఆలస్యంగా ముడుచుకున్నది. రెంటి తేడాను నాడి పొడవుతో లెక్కగట్టితే వేగం సెకనుకు దాదాపు 30 మీటర్లని తేలింది. మెరుపు వేగం ఎక్కడ, ఇదెక్కడ! పరుగెత్తే గుర్రం కంటె ఒకటిన్నర రెట్టో, రెండు రెట్లో అంతే.

డోండర్స్ ఈ తీసివేత లెక్కను పట్టుకున్నారు. మనిషికి ఒక సంకేతం ఇచ్చి చేయి కదపమంటే సెకనులో అయిదవ వంతు కాలం పడుతుంది. అందులో సందేశం నాడిలో వచ్చే కాలం, తిరిగి వెళ్ళే కాలం, కండరం ముడిచే కాలం అన్నీ కలిసి ఉన్నాయి. ఆలోచనకు పట్టే వాటా ఎంతో విడదీయడం ఎలా? అన్నిటినీ యథాతథంగా ఉంచి, ఆలోచనను మాత్రమే ఒక మెట్టు పెంచితే, పెరిగిన కాలం ఆ మెట్టుకు చెందినదే కావాలి గదా! ఇంత సరళమైన ఊహ అంతవరకు ఎవరికీ తట్టలేదు.

తన శిష్యుడు దె యాఖర్‌తో కలిసి ఆయన ఆరంభించిన తొలి ప్రయోగం ఇది. కూర్చున్న మనిషి రెండు పాదాలకూ విద్యుత్ తీగలు అమర్చుతారు. కుడిపాదానికి తాకితే కుడిచేతితో, ఎడమపాదానికి తాకితే ఎడమచేతితో సంకేతం చేయాలి. ఒక వరుసలో ఏ పాదానికి తాకబోతున్నదో ముందే చెబుతారు. ఇంకొక వరుసలో చెప్పరు. తాకిడి అదే, చేయి అదే, నాడి పొడవు అదే. తేడా ఒక్కటే: ముందుగా తెలిసి ఉండడం, ఉండకపోవడం. తెలిసి ఉన్నప్పుడు జవాబు సెకనులో పదిహేనవ వంతు త్వరగా వచ్చింది. ఈ ఫలితం 1865లో దె యాఖర్ పట్టపరీక్షకు సమర్పించిన వ్యాసంలో వెలువడింది.

సెకనులో పదిహేనవ వంతు అనగానే చిన్నచూపు చూడరాదు. ఏ పక్కన తాకినదో నిర్ణయించుకుని, ఆ పక్క చేతిని ఎన్నుకునే మానసిక వ్యాపారానికి కట్టిన తొలి వెల అది. దానినే ఇంకొక విధంగా చెప్పవచ్చు. ముందుగా తెలిసినవాడు వేగంగా ఆలోచించలేదు. సంకేతం తరువాత చేయవలసిన ఆలోచనను సంకేతానికి ముందే ముగించుకుని కూర్చున్నాడు. చూపరులకు వేగంగా కనబడేది చాలాభాగం ముందే ఖర్చుపెట్టిన కాలమే.

ఎర్ర వెలుగు కనబడితే ఒక చేయి, తెల్ల వెలుగు కనబడితే రెండవ చేయి కదపమని మరొక ప్రయోగం చేశారు. అక్కడ ఎన్నికకు పట్టిన అదనపు కాలం పాదాల ప్రయోగంలో కంటె రెట్టింపునకు మించింది. కారణాన్ని డోండర్స్ చక్కగా ఊహించారు. కుడి పక్క ఏది తగిలినా కుడి చేయి కదలడం పుట్టినది మొదలు మనకున్న అలవాటు. ఎరుపునకూ కుడిచేతికీ అటువంటి పాత చుట్టరికం ఏదీ లేదు. అప్పటికప్పుడు కల్పించుకున్న ఒడంబడిక అది. కాబట్టి అలవాటు సైతం ఒక రకమైన సన్నాహమే. సంవత్సరాల క్రిందటే జరిగిపోయిన సన్నాహం.

ఇక క గుణింతం సంగతి. డోండర్స్‌కు కండ్లతోపాటు అచ్చుల ధ్వనులమీద కూడ పరిశోధన చేసిన అనుభవం ఉన్నది. ధ్వనిని గీతగా మార్చే ఒక యంత్రాన్ని ఆయన వాడుకున్నారు. మసి పట్టించిన కాగితం చుట్టిన స్థూపం తిరుగుతూ ఉంటుంది. పక్కనే మ్రోగే శ్రుతిదండం ఆ మసిమీద సమానమైన అలలు గీస్తూ పోతుంది. అవే గడియారపు గీతలు. ఎదురెదురుగా కూర్చున్న ఇద్దరిలో ఒకరు ఒక అక్షరం పలికితే రెండవవారు వెంటనే దానినే పలకాలి. ఇద్దరి గొంతులూ అదే కాగితం మీద వంకరలు గీస్తాయి. నడుమ ఉన్న అలలను లెక్కపెడితే కాలం తెలుస్తుంది.

మొదటి పద్ధతిలో కి అనే అక్షరమే వస్తుందని ముందే తెలుసు. వినగానే కి అనాలి. రెండవ పద్ధతిలో క, కి, కు, కె, కొ ఏదైనా రావచ్చు. ఏది వస్తే అది పలకాలి. మూడవ పద్ధతిలో ఏదైనా రావచ్చుగాని కి వచ్చినప్పుడు మాత్రమే కి అనాలి, తక్కినవాటికి మౌనం. ఒక వరుస ప్రయోగాల సగటు ఇలా తేలింది: మొదటిదానికి సెకనులో 1000కి 201 వంతులు, రెండవదానికి 284, మూడవదానికి 237. మూడవదానిలో నుండి మొదటిది తీసివేస్తే మిగిలే 36 వంతులు విన్న అక్షరాన్ని గుర్తుపట్టడానికి అయినవి. రెండవదానిలో నుండి మూడవది తీసివేస్తే మిగిలే 47 వంతులు పలకవలసినదానిని ఎన్నుకోవడానికి అయినవి. ఇదంతా 1868లో ప్రకటితమైంది. ఈ కొలతలకోసం తాను ప్రత్యేకంగా కల్పించిన యంత్రాలకు గ్రీకు పదాలతో నోయెమటాకోగ్రాఫ్, నోయెమటాకోమీటర్ అని పేర్లు పెట్టారు. మొదటిదానికి ఆలోచనవేగలేఖిని అని మన మాటలో అర్థం చెప్పుకోవచ్చు. పేరు నోరు తిరగకున్నా ఉద్దేశం స్పష్టం.

ఇక్కడొక సూక్ష్మాన్ని డోండర్స్ స్వయంగా గమనించారు. మూడవ పద్ధతిలో నోరు ఖాళీగా ఎదురుచూడదు. నాలుకా పెదవులూ కి పలకడానికి తగినట్లు అమరి ఉంటాయి. ఊపిరి వదలడమొక్కటే తరువాయి. సన్నాహం మనస్సులోనే కాక దేహంలో సైతం ఉందన్నమాట. అటువంటి సన్నాహానికి ఒక అపాయం ఉంది. సంధించిన బాణం వలె అది చిన్న కదలికకు సైతం జారిపోవచ్చు. 2011లో దక్షిణ కొరియాలోని దెగు నగరంలో జరిగిన ప్రపంచ పోటీలలో ఉసేన్ బోల్ట్ అంతటివాడు 100 మీటర్ల తుది పరుగులో తుపాకి మోగకముందే కదిలి పోటీకి అనర్హుడయ్యాడు. పరుగుపందెపు నియమాలలో మోత తరువాత 0.1 సెకను కంటె ముందు కదిలినవాడు విని కదలలేదనీ, ఊహించి కదిలాడనీ భావిస్తారు. ఆ అంకె వెనుక ఉన్నది డోండర్స్ నాటి లెక్కల వంశమే. పరధ్యానానికి కూడ తన యంత్రం దగ్గర క్షమాపణ లేదని ఆయన కనిపెట్టారు. సంకేతం వచ్చే క్షణాన మనస్సు పక్కకు తొలగిందా, కాలం తప్పక పెరిగేది.

ఈ తీసివేత లెక్కకు ఎదురుదెబ్బ కూడ ఆ వైపు నుండే వచ్చింది. 1879లో లైప్‌జిగ్‌లో మనోవిజ్ఞాన ప్రయోగశాల స్థాపించిన వుండ్ట్ పండితుడు మూడవ పద్ధతిని శంకించాడు. పలుకుటయా, మానుటయా అనేది కూడ ఒక ఎన్నికయే గదా అని ఆయన వాదం. 1888లో అదే శాలలో లాంగె అనే పరిశోధకుడు ఒక విచిత్రం చూపాడు. సంకేతం మీద మనస్సు నిలిపినవానికంటె, చేయబోయే కదలిక మీద మనస్సు నిలిపినవాడు సెకనులో దాదాపు పదవ వంతు త్వరగా స్పందిస్తాడు. పని అదే, సంకేతం అదే. సన్నాహం మాత్రం వేరు. మరి కొన్నేండ్లకు క్యూల్పె అనే ఆచార్యుడు దెబ్బ సూటిగా కొట్టాడు. పనిలో ఒక మెట్టు పెంచితే మనిషి చేసుకునే సన్నాహమంతా మారిపోతుందనీ, తక్కినవన్నీ యథాతథంగా ఉంటాయనుకోవడం పొరపాటనీ అతని ఆక్షేపణ. ఆ ఆక్షేపణ న్యాయమైనదే. అయితే, సన్నాహం కాలాన్ని మార్చగలదని తొలుత అంకెలతో చూపినవారు ఎవరు? డోండర్స్‌ను ఓడించిన ఆయుధం డోండర్స్ కొలిమిలో కాగినదే. ఈ వాదంలో ఆయన ఓడిపోయారని వ్రాసే గ్రంథకర్తలతో నేను ఏకీభవించలేను.

అర్ధ శతాబ్దికి పైగా ఆ పద్ధతి మూలపడింది. సన్నాహాన్ని గూర్చిన పరిశోధన మాత్రం ఆగలేదు. 1914లో అమెరికాలో వుడ్రో హెచ్చరికకూ సంకేతానికీ నడుమ ఎడాన్ని మార్చి చూసి, ఆ ఎడం నిలకడగా రెండు సెకన్ల ప్రాంతంలో ఉన్నప్పుడు స్పందన అతి త్వరితమని, ఎడం ఒక్కొక్కసారి ఒక్కొక్క విధంగా మారితే మందగిస్తుందని కనుగొన్నాడు. 1964లో ఇంగ్లండులో గ్రే వాల్టర్ ఆ ఎడంలో మెదడు ఉపరితలాన మెల్లగా లేచే ఒక విద్యుత్ తరంగాన్ని చూపాడు. డోండర్స్ వ్యాసానికి నూరేండ్లు నిండిన 1968లో హాలండులోనే ఐండ్‌హోవెన్‌లో ఆయన స్మారకంగా సదస్సు జరిగింది. మానసిక వ్యాపారాన్ని మెట్లుగా విడదీసే ఊహకు స్టెర్న్‌బర్గ్ కొత్త గణితం తొడిగి లేవనెత్తినది ఆ సదస్సులోనే. 2016లో అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ పరిశోధకులు ఇంకొక మలుపు చూపారు. కదలిక లోపల సిద్ధమైన తరువాత కూడ మనిషి వెంటనే కదలడట. సెకనులో పన్నెండవ వంతు దాదాపు ఆగి మరీ కదులుతాడట. బలవంతాన త్వరపెడితే ఆ ఆగడాన్ని మానుకొని సరిగానే కదలగలుగుతాడు. సన్నద్ధమగుట ఒకటి, బయలుదేరుట మరొకటి అని దాని భావం.

డోండర్స్ మాత్రం 1868 తరువాత ఈ విషయం మీద ఎక్కువ వ్రాయలేదు. ఆయన బుద్ధికి ఒకచోట నిలిచే స్వభావం లేదు. ఏడ్చే పిల్లవాడు కండ్లు ఎందుకు గట్టిగా మూస్తాడని డార్విన్ అడిగితే కనుగ్రుడ్డు రక్తనాళాలమీద ప్రయోగాలు చేసి పంపారు. డార్విన్ 1872 నాటి గ్రంథంలో ఆ సహాయాన్ని స్మరించాడు. గృహజీవితంలో సుఖం కంటె దుఃఖమే అధికం. ఆయన కుమార్తె మేరీ, శిష్యుడైన ఎంగెల్‌మన్‌ను వివాహమాడి, కవల పిల్లలను ప్రసవించి మరణించింది. భార్య ఎర్నెస్టీనా 1887లో గతించింది. 1888 మే నెలలో డెబ్బది ఏండ్లు నిండగా హాలండు చట్టం ప్రకారం ఆచార్య పీఠం విడువవలసి వచ్చింది. నానా దేశాల వైద్యులు ఉట్రెక్ట్‌కు వచ్చి ఆ సందర్భాన్ని ఉత్సవంగా జరిపారు. ఆ సంవత్సరమే ఆయన చిత్రకారిణి బ్రామినె హ్యూబ్రెక్ట్‌ను పెండ్లాడారు. ఆయన రూపాన్ని ఆమె చిత్రించింది. ఏడాది తిరగకముందే 1889 మార్చి 24న ఉట్రెక్ట్‌లో కన్నుమూశారు. ఆయన పీఠం ఎంగెల్‌మన్‌కే దక్కింది.

1921లో ఉట్రెక్ట్ పౌరులు నగరం నడుమ ఆయన విగ్రహం నిలిపారు. అది నేత్రవైద్యునికి జరిగిన గౌరవం. మనస్సును కొలిచిన డోండర్స్ పేరు మరొక ఊరిలో నిలిచింది: నైమేగెన్ నగరంలో మెదడు, గ్రహణశక్తి, ప్రవర్తనలను శోధించే విశ్వవిద్యాలయ సంస్థ నేడు డోండర్స్ సంస్థ అనే పేరుతోనే పనిచేస్తున్నది.